రెండు కంప్యూటర్లకు ఒకే కీబోర్డు, ఒకే తెర: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అవసరాల దృష్టితో ఒక సమీక్ష

ఒకే బల్ల మీద రెండు కంప్యూటర్లు పెట్టుకొని పనిచేయవలసిన అవసరం మహానగరాల కార్యాలయాలకే పరిమితం అనుకొనే కాలం గడిచిపోయింది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని మూడు పట్టణాలను మాత్రమే తీసుకొన్నా ఆ అవసరం వేరువేరు రూపాల్లో కనిపిస్తుంది. హిందూపురంలో శుభలేఖలు, కరపత్రాలు కూర్చే డీటీపీ కేంద్రానికి పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉన్న పాత యంత్రం ఒకటి, యూనికోడ్ తెలుగుకూ ఇంటర్నెట్‌కూ కొత్త యంత్రం ఒకటి కావాలి. ధర్మవరంలో పట్టుచీరల అంచులకు, కొంగులకు జాకార్డు నమూనాలు కంప్యూటరు మీద గీసేవారికి నమూనా గీసే యంత్రం ఒకటి, లెక్కలకూ ఉత్తరప్రత్యుత్తరాలకూ మరొకటి ఉంటే పని సాఫీగా సాగుతుంది. హిందూపురానికి సుమారు నూరు కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు సంస్థలకు ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగి దగ్గర సంస్థ ఇచ్చిన ల్యాప్‌టాప్‌తో పాటు సొంత కంప్యూటరు కూడా ఉంటుంది. 2019 ఆగస్టులో పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల తయారీ మొదలైన తరువాత ఆ పరిసరాలకు వచ్చిన పారిశ్రామిక వాతావరణంలో, యంత్రాలను నడిపే కంప్యూటరును కార్యాలయపు కంప్యూటరు నుంచి విడిగా ఉంచాలన్న నియమం కూడా కొత్త విషయం కాదు.

ఈ సమస్యను సాధారణంగా ఏ డబ్బా కొనాలి అన్న ప్రశ్నగా అడుగుతారు. అలా అడిగినప్పుడే ఖర్చూ పెరుగుతుంది, అసంతృప్తీ మిగులుతుంది, ఎందుకంటే రెండు కంప్యూటర్ల మధ్య పంచుకొనేది ఒక వస్తువు కాదు, మూడు. మొదటిది చేతి కదలిక, అంటే కీబోర్డు, మౌసు పంపే సంకేతాలు. రెండోది తెర మీద కనిపించే చిత్రం. మూడోది ఒకదానిలో కాపీ చేసి రెండోదానిలో అతికించదలచిన పాఠం. ఈ మూడింటి స్వభావాలు వేరు, బరువులు వేరు, వాటిని మోసే దారులూ వేరు కాబట్టి, మూడింటినీ ఒకే సాధనంతో పంచాలన్న పట్టుదల వదులుకొన్న చోటే చిన్న పట్టణపు బల్లకు తగిన పరిష్కారం దొరుకుతుందన్నది ఈ సమీక్షలో సమర్థించదలచిన అభిప్రాయం.

పుట్టుకలో మాత్రం ఈ మూడింటిలో మొదటి రెండూ కలిసే ఉన్నాయి. కీబోర్డు, వీడియో, మౌసు అన్న మూడు మాటల ఇంగ్లీషు తొలి అక్షరాలతో కేవీఎం స్విచ్ అని పిలిచే సాధనం సర్వర్ గదుల అవసరం నుంచి వచ్చింది. వరుసగా పేర్చిన పదిపన్నెండు సర్వర్లకు ఒక్కొక్క తెర, ఒక్కొక్క కీబోర్డు పెట్టడం డబ్బుకూ చోటుకూ దండగ కావడంతో ఒకే జతను అన్నిటికీ మార్చి మార్చి తగిలించే పెట్టెలు తయారయ్యాయి. ఆ కాలపు కంప్యూటర్లలో చాలావాటికి ఒక అలవాటు ఉండేది: ఆన్ చేసిన వెంటనే బయోస్, అంటే యంత్రం లేచేటప్పుడు తన భాగాలను తనిఖీ చేసుకొనే మూలప్రోగ్రాం, కీబోర్డు కనబడకపోతే ముందుకు కదలకుండా అక్కడే ఆగిపోయేది. అందువల్ల పెట్టె తన వంతు రాని కంప్యూటర్లకు కూడా కీబోర్డు తగిలించే ఉన్నట్టు నమ్మించవలసి వచ్చింది. ఈ నమ్మింపునే సాంకేతికంగా ఎమ్యులేషన్ అంటారు. కేవీఎం అన్న పేరును 1995లో సైబెక్స్ సంస్థ స్థాపకుడు రెమీజియస్ షాటస్ వాడుకలోకి తెచ్చినట్టు చెబుతారు. 2000లో ఆ సంస్థ తన పోటీదారైన ఎపెక్స్‌తో కలిసి అవోసెంట్ అయింది. 1987లో ఐబీఎం తెచ్చిన పీఎస్/2 పిన్నులు, అదే ఏడాది వచ్చిన వీజీఏ తెర ఈ మొదటి తరం పెట్టెలకు ఆధారం. వీజీఏ చిత్రం అనలాగ్ సంకేతం కాబట్టి స్విచ్ నాసిరకమైనదైనా బొమ్మ కొంత మసకబారేదే తప్ప పూర్తిగా పోయేది కాదు.

యూఎస్‌బీ 1996లో, డీవీఐ 1999లో, హెచ్‌డీఎంఐ 2002 చివర్లో, డిస్‌ప్లేపోర్ట్ 2006లో వచ్చిన తరువాత ఆ సౌలభ్యం పోయింది. ఇప్పటి కష్టమంతా ఎక్కడుందో తెలియాలంటే బరువుల తేడా చూడాలి. సాధారణ కీబోర్డు ఒక్కొక్కసారి పంపే సమాచారం 8 బైట్లు. సెకనుకు 125 సార్లు పంపినా అది 8,000 బిట్లు మాత్రమే. 1920×1080 చుక్కల తెరకు సెకనుకు 60 చిత్రాలు పంపడానికి, చిత్రాల నడుమ ఖాళీ సమయాన్నీ సంకేత రక్షణకు చేర్చే అదనపు బిట్లనూ కలుపుకొంటే, హెచ్‌డీఎంఐ తీగలో సెకనుకు సుమారు 446 కోట్ల బిట్లు పారాలి. 4కె తెరకు అది నాలుగింతలై 1,782 కోట్ల బిట్లకు చేరుతుంది. చేతి కదలిక కన్నా సాధారణ తెర చిత్రమే ఐదు లక్షల రెట్లకు పైగా బరువైనదన్న మాట. రెండింటినీ ఒకే పెట్టెలోంచి పంపినప్పుడు ధర మొత్తాన్ని చిత్రమే నిర్ణయిస్తుంది. రెండు మానిటర్లు ఉంటే ఆ భాగం రెట్టింపవుతుంది. యూఎస్‌బీ మాత్రమే మార్చే స్విచ్ వెయ్యి రూపాయల పరిసరాల్లో దొరుకుతుంటే, రెండు డిస్‌ప్లేపోర్ట్ మానిటర్లను నిజంగా 4కెలో మార్చగల కేవీఎం పదివేలకు ఎంతో పైన పలకడానికి కారణం ఇదే.

బరువుతో పాటు మర్యాదల సమస్య కూడా ఉంది. ప్రతి మానిటరూ తనను కంప్యూటరుకు పరిచయం చేసుకొనే కనీసం 128 బైట్ల చిన్న పత్రం ఒకటి తనలో దాచుకొంటుంది. తయారీదారు, చుక్కల సంఖ్య, వేగం అందులో ఉంటాయి. దీనిని ఈడీఐడీ అంటారు. చౌక పెట్టె రెండో కంప్యూటరుకు మారగానే మొదటి కంప్యూటరుకు ఈ పత్రం కనిపించక, మానిటరు పీకేశారని భావించి తెరచిన కిటికీలన్నిటినీ మిగిలిన తెర మీదికి గుంపుగా తోసేస్తుంది. తిరిగి వచ్చినప్పుడు మళ్లీ సర్దుకోవాలి. మెరుగైన పెట్టెలు ఈ పత్రం నకలును తమలో ఉంచుకొని, వంతు రాని కంప్యూటరుకు కూడా చూపిస్తూ ఉంటాయి. మానిటర్ల స్థానాలను గుర్తుపెట్టుకొనే సదుపాయం విండోస్ 11లో వచ్చింది గాని, పాత విండోస్ వాడే బల్లలకు అది అందదు. కొనేటప్పుడు పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న 4కె అన్న మాట కన్నా ఈడీఐడీ ఎమ్యులేషన్ ఉందా లేదా, సెకనుకు 30 చిత్రాలా 60 చిత్రాలా అన్న చిన్న అక్షరాలనే చదవడం మేలు.

ఇక్కడే విడదీసి పంచుకొనే పద్ధతి ముందుకు వస్తుంది. ఈనాటి మానిటర్లలో సామాన్యమైనవాటికి సైతం రెండు ప్రవేశద్వారాలు ఉంటాయి. మన మార్కెట్‌లో దొరికే చౌక 22 అంగుళాల మానిటర్లు చాలావాటికి ఒక వీజీఏ, ఒక హెచ్‌డీఎంఐ ఉంటాయి. మొదటి కంప్యూటరును ఒకదానికీ రెండోదానిని మరొకదానికీ శాశ్వతంగా తగిలించి, మానిటరు మీటతో మార్చుకొంటే చిత్రానికి మధ్యలో ఏ పెట్టే అక్కరలేదు, చిత్రపు నాణ్యత ఏమాత్రం తగ్గదు. కీబోర్డు, మౌసులకు మాత్రం చిన్న యూఎస్‌బీ స్విచ్ చాలు. ప్రతిసారీ మానిటరు కింద మీట వెతుక్కోవడం విసుగు పుట్టించే మాట నిజమే, దానికీ మార్గం ఉంది. కంప్యూటరు నుంచే మానిటరుకు వెలుగు తగ్గించు, ద్వారం మార్చు వంటి ఆజ్ఞలు పంపే డీడీసీ/సీఐ అన్న ఏర్పాటు చాలా మానిటర్లలో నిద్రాణంగా ఉంటుంది. డిస్‌ప్లే స్విచ్ అన్న ఉచిత ప్రోగ్రాం యూఎస్‌బీ స్విచ్ మీద కన్నేసి, కీబోర్డు రాకపోకలను గమనించి, దానికి తగినట్టు మానిటరుకు ఈ ఆజ్ఞను పంపుతుంది. ఒక్క మీట నొక్కితే చేయీ చిత్రమూ కలిసి మారతాయి. లైనక్స్‌లో డీడీసీయుటిల్ అన్న పనిముట్టుతో ఇదే పని చేయించవచ్చు. కొన్ని మానిటర్లు ఈ ఆజ్ఞను వినవు కాబట్టి కొనేముందు దుకాణంలోనే పరీక్షించి చూడాలి. అయినా ఖర్చుకూ ఫలితానికీ ఉన్న నిష్పత్తిలో దీనికి సాటి వచ్చే ఏర్పాటు మరొకటి లేదు.

యూఎస్‌బీ స్విచ్‌కు ఏవి తగిలించకూడదో తెలియకపోవడం వల్ల వచ్చే చిక్కులు ఈ పట్టణాల్లో ప్రత్యేకంగా చెప్పదగినవి. చౌక స్విచ్ మీట నొక్కడమంటే కంప్యూటరు దృష్టిలో పరికరాన్ని పీకి మరొకచోట గుచ్చడమే. కీబోర్డుకు అది ఒక సెకను ఆలస్యం మాత్రమే. ధర్మవరంలో నమూనాలు గీసేవారు వాడే తరహా సాఫ్ట్‌వేర్లలో కొన్ని డాంగుల్ అనే చిన్న యూఎస్‌బీ తాళంచెవి ఉంటేనే నడుస్తాయి. ఆ తాళంచెవిని స్విచ్‌కు తగిలిస్తే రెండో కంప్యూటరుకు మారిన క్షణంలో మొదటిదానిలోని ప్రోగ్రాం అనుమతి పోయిందని ఆగిపోవచ్చు, భద్రపరచని నమూనా పోవచ్చు. కొంగు నిండా నెమళ్లు పరిచిన నమూనాలో ఒక పూట పని పోవడం చిన్న నష్టం కాదు. ప్రభుత్వ సేవా కేంద్రాల్లోని ఆధార్ వేలిముద్ర యంత్రాలదీ ఇదే పరిస్థితి. అవి తాము తగిలిన కంప్యూటరులోని సేవా ప్రోగ్రాంతో ముడిపడి పనిచేస్తాయి కాబట్టి మారినప్పుడల్లా మళ్లీ సిద్ధం కావాలి. రాస్తున్న పెన్‌డ్రైవ్‌ను, ప్రింట్ చేస్తున్న ప్రింటరును మధ్యలో మార్చితే జరిగేది ఊహించడం కష్టం కాదు. స్విచ్‌కు కీబోర్డు, మౌసు తప్ప మరేదీ తగిలించకపోవడమే క్షేమం.

మూడు కంప్యూటర్లతో జతకట్టి, మీట నొక్కగానే ఒకదాని నుంచి మరొకదానికి మారే బ్లూటూత్ కీబోర్డులు, మౌసులు కూడా ఉన్నాయి. వాటికి పెట్టె అక్కరలేకపోయినా కీబోర్డును ఒకసారి, మౌసును ఒకసారి మార్చుకోవాలి; పైగా కంప్యూటరు లేచేటప్పుడు బయోస్ తెర వద్ద బ్లూటూత్ కీబోర్డు సాధారణంగా పనిచేయదు.

నెట్‌వర్క్ మీదుగా పంచుకొనే సాఫ్ట్‌వేర్లది ఇంకో దారి. ఇక్కడ ప్రతి కంప్యూటరుకూ తన తెర తనకే ఉంటుంది. మౌసు బాణాన్ని ఒక తెర అంచు దాటించగానే అది పక్క కంప్యూటరు తెర మీద తేలుతుంది, కీబోర్డు కూడా దాన్నే అనుసరిస్తుంది. లైనక్స్, యూనిక్స్ ప్రపంచంలో 1990లలోనే ఎక్స్2ఎక్స్ అన్న ప్రోగ్రాం ఈ పని చేసేది. 2001లో క్రిస్ షోనెమన్ రాసిన సినర్జీ విండోస్, మాక్, లైనక్స్ మూడింటినీ కలిపింది; అది క్రమంగా వాణిజ్య సరుకుగా మారగా, దాని మూలం నుంచి బారియర్, ఇన్‌పుట్ లీప్, డెస్క్‌ఫ్లో అన్న ఉచిత శాఖలు పుట్టాయి. మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకరు సొంతంగా రూపొందించగా 2011లో విడుదలైన మౌస్ వితౌట్ బార్డర్స్ 2023లో పవర్‌టాయ్స్ అనే ఉచిత పనిముట్ల సంచిలో చేరింది. ఆపిల్ 2022 మార్చిలో తన యంత్రాల మధ్య యూనివర్సల్ కంట్రోల్ పేరుతో ఇదే సౌకర్యం ఇచ్చింది. ఇవి పనిచేయడానికి ఇంటర్నెట్ అక్కరలేదు, రెండు యంత్రాలూ ఒకే రౌటరుకు తగిలి ఉంటే చాలు. బయట ఫైబర్ తీగ తెగినా బల్ల మీద మౌసు ఆగదు. పాఠాన్ని కాపీ చేసి రెండో యంత్రంలో అతికించే సదుపాయం ఇచ్చేవి కూడా ఇవే. పెట్టెలు ఆ పని చేయవు.

వీటి పరిమితులు రెండు చోట్ల గట్టిగా తగులుతాయి. సంస్థ ల్యాప్‌టాప్‌లో బయటి ప్రోగ్రాం ఎక్కించే అనుమతి చాలా చోట్ల ఉండదు. ఉన్నా, ల్యాప్‌టాప్ రాకపోకలన్నిటినీ సంస్థ సొరంగంలోకి మళ్లించే వీపీఎన్ నడుస్తున్నంతసేపు పక్కనే ఉన్న సొంత కంప్యూటరు దానికి కనబడకపోవచ్చు. ఇంటి నుంచి పనిచేసేవారికి సాఫ్ట్‌వేర్ దారి మూసుకుపోవడానికి ముఖ్యకారణం ఇదే. మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న రక్షణ మెరుగులు నిలిపివేసిన విండోస్ ఎక్స్‌పీ మీద నేటి ప్రోగ్రాములు ఎక్కకపోవడం రెండో అడ్డంకి. ఎక్కినా, అటువంటి యంత్రాన్ని నెట్‌వర్క్‌కు తగిలించడం ఏ విధంగానూ సమంజసం కాదు.

ఈ రెండో అడ్డంకి తెలుగు డీటీపీ కేంద్రాలకు నేరుగా వర్తిస్తుంది కాబట్టి, పంపకంలో తెలుగు అక్షరాల గతి ఏమవుతుందో కొంత వివరంగా చూడవలసి ఉంది. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 ఆ ప్రోగ్రాంకు చివరి కూర్పు. అందులో అను స్క్రిప్ట్ మేనేజర్‌తో కూర్చిన ఏళ్ల తరబడి పనులు, పాత పుస్తకాల పుటలు, ఏటా తేదీలు మార్చి అచ్చువేసే పంచాంగాల ఫైళ్లు ఉన్నంతకాలం ఆ పాత యంత్రాన్ని వదులుకొమ్మనడం న్యాయం కాదు. అను ఫాంట్లలోని తెలుగు నిజానికి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ఆకృతులు పెట్టి చేసిన ఏర్పాటు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు సొంత స్థానం దక్కినా, డీటీపీ లోకం తన అవసరాల వల్ల పాత దారిలోనే చాలాకాలం నడిచింది. ఫలితంగా, పాత యంత్రంలో కాపీ చేసిన తెలుగు వాక్యాన్ని కొత్త యంత్రంలో అతికిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల వరుస వస్తుంది. దానిని మార్పిడి ప్రోగ్రాం ద్వారా యూనికోడ్‌లోకి తెచ్చుకోవాలి. పాఠాన్ని పంచే సదుపాయం ఎంత చక్కనిదైనా ఈ పని అది చేయలేదు.

కీబోర్డు విషయంలో పెట్టె, సాఫ్ట్‌వేర్ భిన్నంగా ప్రవర్తిస్తాయి. పెట్టె లేదా యూఎస్‌బీ స్విచ్ మోసేది అక్షరాన్ని కాదు, ఎన్నో నంబరు మీట నొక్కబడిందన్న సమాచారాన్ని మాత్రమే. ఆ మీటకు ఏ అక్షరం రావాలో నిర్ణయించేది అందుకొన్న కంప్యూటరు. కాబట్టి పాత యంత్రంలో డీటీపీ వారికి చేయి తిరిగిన, ఆపిల్ అని పిలిచే తెలుగు కీబోర్డు అమరికను, కొత్త యంత్రంలో భారతీయ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ అమరికను ఉంచుకొని, ఒకే భౌతిక కీబోర్డుతో రెండింటినీ ఏ గందరగోళమూ లేకుండా వాడవచ్చు. సినర్జీ సంతతికి చెందిన సాఫ్ట్‌వేర్లు అలా కాదు. కీబోర్డు తగిలి ఉన్న కంప్యూటరు ముందుగా మీటను తన అమరిక ప్రకారం అక్షరంగా మార్చి, ఆ అక్షరాన్ని రెండోదానికి పంపుతుంది. రెండోది ఆ అక్షరం పుట్టించగల మీట తనలో ఉందా అని వెతుక్కొంటుంది. మొదటిదానిలో తెలుగు అమరిక తెరచి ఉండి రెండోదానిలో లేకపోతే నొక్కిన మీటలు ఎక్కడికీ చేరకపోవచ్చు. మొదటి యంత్రాన్ని ఇంగ్లీషులోనే ఉంచి, భాషను రెండో యంత్రంలోనే మార్చుకొంటే ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది. ఇంకొక చిన్న జాగ్రత్త: చాలా కేవీఎం పెట్టెలు స్క్రోల్ లాక్ మీటను రెండుసార్లు నొక్కితే కంప్యూటరు మారేలా తయారవుతాయి, అదే మీటను భాష మార్పుకు పెట్టుకొన్న ఆపరేటరు రెండింటిలో ఒకదానిని మార్చుకోక తప్పదు.

పంపకం ప్రశ్నకు ఇంకో ముఖం కూడా ఉంది: ఒక మనిషికి రెండు కంప్యూటర్లు కాక, ఒక కంప్యూటరుకు పలువురు మనుషులు. ఈ దిశలో పెద్ద ప్రయోగం జరిగినది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. 2008లో రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల కంప్యూటరు విద్యా పథకంలో 5,000 పాఠశాలలకు, సుమారు 50,000 సీట్లకు, ఎన్‌కంప్యూటింగ్ సంస్థ పరికరాలను ఎంచుకొన్నారు. ఒక కంప్యూటరులో కార్డు అమర్చి, దాని నుంచి తీగలు లాగి, ఒక్కో చిన్న పెట్టెకు ఒక మానిటరు, ఒక కీబోర్డు, ఒక మౌసు తగిలిస్తే ఒకే యంత్రం మీద ఏడుగురి దాకా విడివిడిగా పనిచేయవచ్చు. ఆ చిన్న పెట్టె వాడే విద్యుత్తు ఒక వాట్ మాత్రమే. వందల వాట్ల భారం తగ్గడం, కరెంటు నిలకడలేని గ్రామాల్లో చిన్న యూపీఎస్‌తోనే గది అంతా నడవడం నిజమైన లాభాలు. అదే సమయంలో, కేంద్రంలో ఉన్న ఒక్క యంత్రం ఆగితే దానికి ముడిపడిన పిల్లలందరి తెరలూ ఒక్కసారి ఆగడం ఈ ఏర్పాటు స్వభావంలోనే ఉంది. అంతకు కొద్దిగా ముందు, 2006 ప్రాంతంలో, బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో ఉదయ్ సింగ్ పవార్, జోయోజీత్ పాల్, కెంటారో టొయామా మరో మార్గం పరిశీలించారు. గ్రామీణ పాఠశాలల్లో ఒకే కంప్యూటరు చుట్టూ పిల్లలు మూగినప్పుడు మౌసు ఎవరో ఒకరి చేతిలోనే ఉండిపోతున్నదని గమనించి, ఒకే తెర మీద పిల్లకొక బాణం కనబడేలా పలు మౌసులను ఒకే కంప్యూటరుకు తగిలించారు. తెర ఒకటే అయినా చేతులు వేరు చేయవచ్చునన్న ఆ ఆలోచన, చేతినీ చిత్రాన్నీ విడదీసి చూడాలన్న ఈ సమీక్ష వాదానికి ఎదురువైపు నుంచి దొరికే బలమైన సాక్ష్యం.

సాంకేతిక వ్యాసాల్లో దాదాపుగా చోటు దక్కని విషయం విద్యుత్తు ఎర్తింగ్. రెండు కంప్యూటర్లను ఒకే పెట్టెతో కలపడమంటే వాటి లోహపు ఒళ్లను తీగల మీది రక్షణ కవచం ద్వారా కలపడమే. కంప్యూటరులోని ఎస్ఎంపీఎస్, అంటే గోడ కరెంటును యంత్రానికి తగిన చిన్న వోల్టేజీకి మార్చే భాగం, తనలోని వడపోత కెపాసిటర్ల ద్వారా అతిస్వల్ప కరెంటును లోహపు పెట్టెలోకి వదులుతుంది. మూడో పిన్ను సరైన ఎర్త్‌కు చేరి ఉంటే ఆ కరెంటు నేలలోకి పోతుంది. ఎర్త్ లేని చోట మన 230 వోల్టుల సరఫరాలో సగం, అంటే 115 వోల్టుల దాకా, ఆ పెట్టె మీద నిలుస్తుంది. కరెంటు పరిమాణం స్వల్పం కాబట్టి ముట్టుకొంటే జివ్వుమనడమే సాధారణంగా జరుగుతుంది, కాని అదే తేడా హెచ్‌డీఎంఐ తీగను గుచ్చే క్షణంలో సున్నితమైన చిప్పుల మీద పడితే పోర్టు కాలిపోవచ్చు. ఒక కంప్యూటరు యూపీఎస్ మీద, రెండోది వేరే గోడ సాకెట్ మీద ఉన్నప్పుడు, వాటిలో ఒకదానికే ఎర్త్ ఉన్నప్పుడు ఈ తేడా మరింత ప్రమాదకరం. రెండు పిన్నుల ల్యాప్‌టాప్ అడాప్టరు కూడా ఇందుకు మినహాయింపు కాదు.

సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ ప్రాంతంలో సమస్య ఇంకొంచెం లోతుగా ఉంది. ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి రేకు పాతడం అందరికీ తెలిసిన పద్ధతే. అయితే ఆ గుంత పనిచేయడం నేలలోని తేమ మీద ఆధారపడుతుంది. వేసవిలో నేల ఎండిపోయిన కొద్దీ దాని విద్యున్నిరోధం పెరిగి, కాగితం మీద ఉన్న ఎర్త్ నిజంలో లేనట్టే అవుతుంది. అందుకే మార్చి నుంచి వానలు పడేదాకా గుంతలో నీళ్లు పోయడాన్ని పాత ఎలక్ట్రీషియన్లు పట్టుబట్టి చేయించేవారు. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉన్న సాకెట్‌కు వెనుక తీగే ఉండకపోవడం కూడా కద్దు. పరీక్షించే చిన్న ప్లగ్గు వందల రూపాయల్లో దొరుకుతుంది, దానిని కేవీఎం కన్నా ముందు కొనాలి. పంచుకొనే రెండు కంప్యూటర్లనూ, మానిటరునూ ఒకే ఎర్త్ ఉన్న ఒకే పవర్ స్ట్రిప్ నుంచి, వీలైతే ఒకే యూపీఎస్ నుంచి నడపడం, వీడియో తీగను గుచ్చేటప్పుడు రెండు యంత్రాలనూ ఆపి ఉంచడం తప్పనిసరి అలవాట్లు కావాలి. నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్‌కు ఈ విషయంలో ఒక మేలు ఉంది: ఈథర్నెట్ పోర్టుల్లో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉండి రెండు యంత్రాలను విద్యుత్తు పరంగా వేరుచేస్తాయి, వైఫై అయితే తీగే ఉండదు.

భద్రత కోణం నుంచి చూస్తే, ఎవరి యంత్రం ఎవరిది అన్నది సాంకేతికత కన్నా ముఖ్యమైన ప్రశ్న. సంస్థ ల్యాప్‌టాప్‌కు సాధారణ యూఎస్‌బీ స్విచ్ తగిలిస్తే దానికి కనిపించేది ఒక కీబోర్డు, ఒక మౌసు మాత్రమే కనుక అభ్యంతరాలు తక్కువ. నెట్‌వర్క్ ద్వారా దూరం నుంచి తెర చూపి కీబోర్డు నడిపించే ఐపీ కేవీఎంలు వేరే జాతి. నకిలీ గుర్తింపులతో ఉద్యోగాలు సంపాదించినవారి కోసం అమెరికా ఇళ్లలో ల్యాప్‌టాప్‌లను వరుసగా పెట్టి ఇటువంటి సాధనాలతో విదేశాల నుంచి నడిపించిన కేసులు 2024, 2025లలో అక్కడి కోర్టుల దాకా వెళ్లాయి. ఆ తరువాత సంస్థలు ఈ పరికరాలను ప్రత్యేకంగా వెతుకుతున్నాయి. నిజాయితీగా ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగి ముందుగా సంస్థ అనుమతి అడగడం తన మేలు కోరే. రక్షణ శాఖల వంటి చోట్ల వాడే పెట్టెలకు కామన్ క్రైటీరియా అనే అంతర్జాతీయ పరీక్షా ప్రమాణం కింద ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి: కీబోర్డు సమాచారం ఒకే దిశలో పోవాలి, ఒక యంత్రపు జాడ పెట్టె జ్ఞాపకంలో మిగిలి రెండోదానికి చేరకూడదు. చిన్న పట్టణంలో ఖాతాదారుల లెక్కలు చూసే ఆడిటరు బల్ల మీద అంతటి పెట్టె అవసరం లేదు గాని, ఖాతాదారుల బ్యాంకు పనులు చేసే యంత్రానికీ, దొరికిన ఫైలునల్లా తెరిచే యంత్రానికీ నడుమ కాపీ చేసిన పాఠం పంచుకొనే సాఫ్ట్‌వేర్ పెట్టకపోవడం మంచిది. సంకేతపదం కూడా అదే దారిలో పక్క యంత్రానికి చేరుతుంది.

పెనుకొండ పరిసరాల కర్మాగారాల వంటి చోట్ల వచ్చే అవసరం దూరానికి సంబంధించినది. దుమ్మూ వేడీ ఉన్న చోట కంప్యూటరును ఉంచకుండా, దానిని చల్లని గదిలో పెట్టి, పనివాడి బల్ల మీద కీబోర్డు, మౌసు, తెర మాత్రమే ఉంచడానికి కేవీఎం ఎక్స్‌టెండర్లు వాడతారు. నెట్‌వర్క్ తీగ మీదే వంద మీటర్ల దాకా చిత్రాన్నీ చేతినీ పంపే హెచ్‌డీబేస్‌టీ ప్రమాణం ఇందుకు ఉపయోగపడుతుంది.

ఈ పరిశీలన వెలుగులో డీటీపీ కేంద్రానికి సాఫ్ట్‌వేర్ దారి తగదు. వీజీఏ, హెచ్‌డీఎంఐ రెండూ ఉన్న మానిటరు, యూఎస్‌బీ స్విచ్ ఒకటి, పాత యంత్రపు బయోస్‌లో యూఎస్‌బీ కీబోర్డును గుర్తించే సెట్టింగు ఆన్ చేయడం, పాత యంత్రాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచడం దానికి సరిపోతాయి. నమూనాలు గీసేవారికి రంగుల నిజాయితీ ముఖ్యం కాబట్టి చిత్రానికీ మానిటరుకూ నడుమ చౌక పెట్టె ఏదీ పెట్టకుండా, డాంగుల్‌ను నేరుగా యంత్రానికే గుచ్చి, కీబోర్డు మాత్రమే పంచుకోవాలి. రెండూ సొంత యంత్రాలై, రెండింటికీ వేరు తెరలున్న విద్యార్థికి, చిన్న వ్యాపారికి పవర్‌టాయ్స్ గాని డెస్క్‌ఫ్లో గాని రూపాయి ఖర్చు లేకుండా సరిపోతాయి.

ఇంకా చౌకైన జవాబు దొరకనిది ఒక్క సందర్భానికే: రెండు మానిటర్లు, ఒకే యూఎస్‌బీ-సి తీగతో చిత్రాన్నీ కరెంటునూ అందుకొనే సంస్థ ల్యాప్‌టాప్, పక్కన సొంత డెస్క్‌టాప్. ఆ ఒక్క తీగలో రెండు చిత్రాలు పంపడానికి విండోస్ యంత్రాలు వాడే ఎంఎస్‌టీ పద్ధతిని ఆపిల్ ల్యాప్‌టాప్‌లు రెండు వేరువేరు తెరలుగా గుర్తించవు, ఆ తీగను మానిటర్లకూ కీబోర్డుకూ పంచే డాక్ అనే పెట్టెల్లో ఏది దేనితో సరిపడుతుందో పెట్టె మీద రాసి ఉండదు. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో గాని, చెన్నై రిచీ స్ట్రీట్‌లో గాని అటువంటి డాక్ కొనేవారు తమ ల్యాప్‌టాప్‌ను, వీలైతే ఒక మానిటరును కూడా వెంట తీసుకువెళ్లి, రెండు తెరలూ సెకనుకు 60 చిత్రాల వద్ద వెలగడం అక్కడే చూసుకొని, తిరిగి ఇచ్చే గడువును బిల్లు మీద రాయించుకోవాలి.